బొటనవేలు దాటని ఆట

మా సుద్దలమెరకకి రగ్బీ ఎందుకు వచ్చిందో ఎవరికీ తెలియదు. ఎలా వచ్చిందో మాత్రం చెప్పగలను. "జిల్లాకో కొత్త క్రీడ" అని పైవాళ్ళు ఒక పథకం పెట్టారు. పక్క జిల్లా వాళ్ళు ముందుగా వెళ్ళి విలువిద్య తీసేసుకున్నారు. ఇంకో జిల్లాకి కత్తిసాము దక్కింది. మా వాళ్ళు దారిలో పెసరట్టు ఉప్మాకి ఆగి, తీరిగ్గా వెళ్ళేసరికి రగ్బీ ఒక్కటే మిగిలింది. అదీ ఒకందుకు మంచిదే అయింది. దాని గురించి ఎవరికీ ఏమీ తెలియదు కాబట్టి అందరూ ధైర్యంగా సలహాలిచ్చారు.

నన్ను ఊళ్ళో మైకు తాతాజీ అంటారు. పడవ పందేలైనా, కబడ్డీ అయినా, పిల్లాడు తప్పిపోయినా మైకు పట్టుకునేది నేనే. అందుచేత రగ్బీ వ్యాఖ్యానం కూడా నా నెత్తినే పడింది. బంతి కోడిగుడ్డు ఆకారంలో ఉంటుంది. చేత్తో పట్టుకుని ముందుకి పరిగెత్తవచ్చు గానీ, సాటివాళ్ళకి అందించాలంటే మాత్రం వెనక్కే విసరాలి. ముందుకి పోతూ వెనక్కి అందించడం ఏమిటని జనం మొదట్లో ముక్కున వేలేసుకున్నారు. ఆఫీసుల్లో కాయితం నడిచేది కూడా ఇలాగే కదా అని నేను మైకులో అన్నాక అందరికీ ఇట్టే అర్థమైంది.

ఆట మొదలు ఇలా ఉంటుంది. మైదానం మధ్యన నడిగీత. అక్కడ ఒకమ్మాయి బంతిని నేలకి వదిలి, అది లేస్తుండగా తన్నాలి. ఆ క్షణాన ఆమె జట్టు వాళ్ళంతా బంతికి వెనకాలే ఉండాలి. ఎదుటి జట్టు పది మీటర్ల గీత అవతల ఉండాలి. బంతి ఆ గీత దాటాలి. అంతే. ఆ తర్వాత చిక్కినవాళ్ళు పరిగెత్తడం, మిగిలినవాళ్ళు వాళ్ళని పడెయ్యడం. అవతలి చివరి గీత మీద బంతి ఆనిస్తే పాయింట్లు. అవి వచ్చాక, ఇచ్చుకున్న జట్టు మళ్ళీ నడిగీత దగ్గరికొచ్చి తన్నాలి. ఈ తన్నుడు ఆటకి గుమ్మం లాంటిది. లోపలికి వెళ్ళాక గుమ్మం గురించి ఎవరూ ఆలోచించరు. అప్పట్లో మేమూ ఆలోచించేవాళ్ళం కాదు.

మా ఊరి ఆడపిల్లల జట్టుకి దైవసహాయం మాస్టారు కోచ్. రిఫరీ కూడా ఆయనే. తన జట్టు ఆడే ఆటకి తనే రిఫరీ ఏమిటని అవతలి ఊరివాళ్ళు కూడా అడిగేవారు కాదు, ఆయన అలాంటి మనిషి. మొదటి తన్ను దగ్గర ఎవరి కాలో కాస్త ముందుంటే "ఆడండమ్మా, ఆడండి" అని చెయ్యి ఊపేవాడు. ఎవరైనా అన్యాయంగా అడ్డం వస్తే మాత్రం ఈల పగిలిపోయేది.

జట్టుకి కెప్టెన్ ఎస్తేరు. రొయ్యల షెడ్డులో పని. ఐసు నీళ్ళలో చేతులు పెట్టి షిఫ్టంతా నిలబడి రొయ్యలు ఒలవాలి. సాయంత్రం బంతి చేతికి చిక్కిందా, పొద్దుణ్ణుంచీ నిలబడిన నిలుపంతా కాళ్ళలోంచి దులిపేసినట్టు పరిగెత్తేది. నా నోటికి దాన్ని అందుకునే వేగం లేదు. నేను "ఎస్తేరు బంతి అందుకుంది" అనేసరికి అవతలి గీత మీద బంతి పెట్టి లేచి నిలబడి ఉండేది. ఇరవై ఏళ్ళలోపు వాళ్ళ రాష్ట్ర జట్టులోకి వెళ్ళాలని దాని కోరిక. ఈ ఏడు తప్పితే వయసు దాటిపోతుంది. సెలక్టర్లు జిల్లా ఫైనలుకి వచ్చి చూసి ఎంచుకుంటారు. వాళ్ళ కళ్ళ ముందు ఒక్కసారి పరిగెత్తితే చాలని, దానికే కాదు, నాకూ నమ్మకమే.

ఇంతలో బొటనవేలు వచ్చి పడింది.

నిరుటి ఫైనల్లో రేవుపాలెం జట్టు మా చేతిలో చిత్తుగా ఓడిపోయింది. వాళ్ళ అధ్యక్షుడు ఐసు ఫ్యాక్టరీ యజమాని, ఓటమి అలవాటు లేని మనిషి. ఆట జరిగిన చాలా రోజులకి ఎవరి సెల్లులోనో ఒక ఫొటో దొరికింది. మా వాళ్ళు మొదటి తన్ను తన్నిన క్షణంలో ఎస్తేరు కుడికాలి బొటనవేలు బంతికి రవ్వంత ముందుంది. ఆయన ఆ బొటనవేలిని పెద్దది చేయించి, చుట్టూ ఎర్రసున్నా చుట్టించి, బస్టాండులో ఫ్లెక్సీ కట్టించాడు. కింద "ఇదేనా న్యాయం?" అని రాయించాడు. బస్సు దిగినవాళ్ళు ఏదో కాలి నొప్పుల మందు ప్రకటన అనుకుని ఫోన్ నంబరు కోసం వెతుక్కునేవారు.

గొడవ పైకి పోయింది. పైవాళ్ళు ఏకసభ్య కమిటీ వేశారు. ఆ ఒక్క సభ్యుడికీ కోరం సరిపోయిన రోజున నివేదిక వచ్చింది. జిల్లా రగ్బీ సంఘం కార్యదర్శి చక్రధరరావు గారు దాన్ని సభలో లేచి నిలబడి చదివారు. "పునఃప్రారంభ ఘట్టములందు చోటుచేసుకొను స్వల్ప సాంకేతిక ఉల్లంఘనలను ఉపేక్షించుట వలన క్రీడా వ్యవస్థ మూలములే సడలుచున్నవి. ప్రారంభము దోషయుక్తమైన పక్షమున తదుపరి జరిగిన ఆట యావత్తు జరగనట్లే పరిగణించవలెను. కావున దోషము దొర్లిన ప్రతిసారి, బంతిని తన్ను వ్యక్తి ఎవరైనను, తిరిగి తన్నవలెను."

"మరి ఆట ఎప్పుడాడతారండి?" అని దైవసహాయం మాస్టారు అడిగాడు.

"మాస్టారూ, మీలాంటి అనుభవజ్ఞులే ఇలా అంటే ఎలా? ఆట ఎప్పుడైనా ఆడుకోవచ్చు. ముందు ప్రారంభం పవిత్రం కావాలి," అన్నారు చక్రధరరావు గారు. అని, మాస్టారి ఈల వెనక్కి తీసుకున్నారు.

ఆ ఈల విశ్వపతి గారి మెడలోకి వెళ్ళింది. ఈయన తూనికలు కొలతల శాఖలో ఇన్స్పెక్టరుగా చేసి రిటైరైన మనిషి. నిక్కచ్చి. సర్వీసులో ఉన్నన్నాళ్ళూ ఏ కొట్టువాడి దగ్గరా టీ కూడా తాగి ఎరగడు. ఆయన వస్తున్నాడంటే బజారంతా తక్కెళ్ళు తుడుచుకునేది. అలాంటి మనిషిని ఆడిపోసుకోవడానికి నాకు నోరు రాదు. కాకపోతే ఆయన రగ్బీ ఎన్నడూ చూడలేదు. అదే ఆయన అర్హత అని సంఘం వాళ్ళు గట్టిగా నమ్మారు, ఆటంటే అభిమానం లేనివాడు పక్షపాతం చూపించడు కదా అని.

దైవసహాయం మాస్టారు ఉండబట్టలేక ఆయన దగ్గరికి వెళ్ళాడు. "అయ్యా, ఆటకి అడ్డం రాని తప్పుని చూసీ చూడనట్టు ఒగ్గెయ్యాలండి. ఏలు ముందుకొత్తే ఎవరికండి నట్టం?"

"ఇవాళ వేలు. రేపు పాదం. ఎల్లుండి మనిషి. నేను కిరోసిన్ కొలతల్లో చూశానండి. చెంచాతోనే మొదలవుతుంది," అన్నాడు విశ్వపతి గారు.

చెంచా మాట నిజమే కదా అనిపించి మాస్టారు లేచి వచ్చేశాడు. ఆ మాటకొస్తే నాకూ నిజమే అనిపించింది.

కొత్త పద్ధతిలో మొదటి మ్యాచికి ఊరంతా కదిలొచ్చింది. రేవుపాలెం అమ్మాయి బంతి వదిలింది, తన్నింది. ఈల. "ఎడమవైపు చివరి అమ్మాయి మడమ గాలిలో ఉంది. మళ్ళీ." తన్నింది. ఈల. "బంతి నేలను తాకడానికి, పాదం తగలడానికి మధ్య ఎడం కనిపించలేదు. మళ్ళీ." తన్నింది. బంతి పది మీటర్ల గీత మీద పడిందా, ఇవతల పడిందా అన్నది తేలలేదు. విశ్వపతి గారు సంచీలోంచి టేపు తీశాడు. ప్రభుత్వ ముద్ర ఉన్న ఉక్కు టేపు. కొలవబోతూ ఆగి, ఎండకి ఉక్కు సాగుతుంది కనక గొడుగు కావాలన్నాడు. గొడుగు తెచ్చేసరికి గాలి వచ్చింది. గాలికి గొడుగు పట్టుకున్నవాడు గీత తొక్కాడు. గీత మళ్ళీ వెయ్యాల్సి వచ్చింది, సున్నం అయిపోయింది.

విరామం ఈల మాత్రం వేళకి పడింది. రెండు జట్లూ పద్ధతి ప్రకారం వైపులు మారాయి. పిల్లలకి నిమ్మబద్దలిచ్చారు. ఒక్కదానికీ చెమట పట్టలేదు. పొద్దుగూకేసరికి మ్యాచి డ్రాగా ముగిసింది. మొదలవకుండానే ముగిసిందని నేను మైకులో అనబోతుంటే చక్రధరరావు గారు నా భుజం మీద చెయ్యేసి, "అత్యంత క్రమశిక్షణతో ముగిసింది అనండి," అన్నారు. అలాగే అన్నాను.

మర్నాడు సంఘం పత్రికా ప్రకటన ఇచ్చింది. గత సంవత్సరం ప్రతి మ్యాచిలోనూ ఎవరికో ఒకరికి మోకాలు గీసుకుపోవడమో, భుజం బెణకడమో జరిగేదనీ, నూతన విధానం వల్ల గాయాలు పూర్తిగా నివారించబడ్డాయనీ. నెల తిరక్కుండా మా జిల్లాకి "సురక్షిత క్రీడా జిల్లా" అన్న బిరుదు వచ్చింది. ఇక ఆగేదెవరు? కల్యాణ మండపంలో శిక్షణ తరగతులు పెట్టి, బొటనవేలి పరిశీలకులు అని ఒక దండుని తయారుచేశారు. ప్రతి ఆటగత్తె పక్కనా ఒకాయన గొంతుక్కూర్చుని ఆమె కాలివేళ్ళనే చూస్తుంటాడు. పెద్దమనుషులు అలా నేలకేసి చూస్తూ వరసగా కూర్చుంటే, చూడనివాళ్ళు ఉంగరమేదో పోయిందనుకునేవారు.

తర్వాత జడ సమస్య వచ్చింది. బంతి తన్నే సమయంలో ఒకమ్మాయి తల విసిరితే జడ భుజం మీదుగా ముందుకొచ్చి బంతిని దాటిందని ఒక పరిశీలకుడు ఫిర్యాదు చేశాడు. జడ శరీరంలో భాగమా, అలంకారమా? ఉపసంఘం కూర్చుంది. న్యాయ సలహాదారు చాలాసేపు కళ్ళు మూసుకుని ఆలోచించి, "రిబ్బను వరకు శరీరం, రిబ్బను దాటినది అలంకారం," అని తేల్చాడు. మర్నాటి నుంచీ పిల్లలంతా రిబ్బన్లు నడినెత్తి మీద కట్టుకుని వచ్చారు.

జడ అయ్యాక నీడ. పొద్దుటి పూట మనిషి వెనకే ఉన్నా నీడ ముందుకి పడుతోంది. నీడని శిక్షించాలా వద్దా అన్నదాని మీద సభ్యుల్లో భేదాభిప్రాయాలు వచ్చి, ఒకాయన రాజీనామా కూడా చేశాడు. చివరికి చక్రధరరావు గారు మధ్యేమార్గం కనిపెట్టారు. నీడ కాళ్ళ కిందే ఉండేలా ఇకనుంచి మ్యాచిలన్నీ మిట్టమధ్యాహ్నం మొదలుపెట్టాలన్నారు. పిల్లలు నడినెత్తిన రిబ్బన్లతో, నడిమింట సూర్యుడి కింద, కాళ్ళు కాలుతూ నిలబడేవారు.

జనం సంగతి చెప్పాలి. మొదట్లో విసుక్కున్నారు, తర్వాత అలవాటు పడ్డారు, ఆ తర్వాత రసజ్ఞులైపోయారు. "ఏం నిలబడిందిరా! రెప్ప కూడా వెయ్యలేదు!" అని మెచ్చుకోళ్ళు వినబడేవి. రేవుపాలెం కోచ్ పరుగు సాధన మానిపించేసి నిలుపు సాధన పెట్టాడు. ధనకోటి అనే ఒక పిల్లని ఎక్కణ్ణుంచో పట్టుకొచ్చాడు. ఆ పిల్ల నిలబడే నిద్రపోగలదు. రగ్బీ అంటే ఏమిటో దానికి ఎవరూ చెప్పలేదు, చెప్పే అవసరమూ రాలేదు. నా వ్యాఖ్యానం మాత్రం ఎండిపోయింది. కరెంటు కోత వేళలూ, చీరల కొట్టు ప్రకటనలూ చదువుకుంటూ కాలక్షేపం చేసేవాణ్ణి.

దైవసహాయం మాస్టారు ఒక్కడే లొంగలేదు. సాయంత్రం జనం వెళ్ళిపోయాక మైదానం ప్రహరీ అవతల కాలవగట్టు పక్క బీడులోకి పిల్లల్ని తీసుకెళ్ళి, పాత బంతితో పరుగులు పెట్టించేవాడు. ఎస్తేరు అక్కడ పరిగెత్తేది, చూడ్డానికి బర్రెలు తప్ప ఎవరూ ఉండేవారు కాదు.

ఫైనలు దగ్గరపడింది. ఆ ఏడు ఏ జట్టూ ఓడలేదు, ఏ జట్టూ గెలవలేదు, అందుచేత చీట్లు తీసి మాకూ రేవుపాలేనికీ ఫైనలు అన్నారు. ఎస్తేరు మాస్టారిని వెంటబెట్టుకుని చక్రధరరావు గారి ఇంటికి వెళ్ళింది. నేనూ వెళ్ళాను.

"అయ్యగారండీ, సెలక్షనోళ్ళు వత్తన్నారంట గదండి. ఆ ఒక్కరోజూ బంతి నా సేతిలో ఒక్కపాలి పడనివ్వండి. ఆళ్ళు సూత్తే సాలు," అంది ఎస్తేరు.

"చూడమ్మా," అన్నారాయన, ఎంతో దయగా. "పరుగనేది క్రీడలో ద్వితీయ దశ. ప్రథమ దశ పరిపూర్తి కాకుండా ద్వితీయ దశకి అనుమతి మంజూరు చెయ్యడం సంఘం పరిధిలో లేదు. నువ్వు చక్కగా నిలబడు. ఎంపికలో నిలుపుకి అత్యధిక ప్రాధాన్యం ఇస్తున్నాం."

"నిలబడ్డానికైతే సెడ్డులో నిలబడతన్నాను గదండి. ఆళ్ళు కూలన్నా ఇత్తన్నారు. నేను ఆటలోకొచ్చిందే పరిగెట్టడానికండి."

ఆయన నవ్వి, అందరికీ మజ్జిగ ఇప్పించారు. తిరిగొస్తుంటే నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ మంట మజ్జిగతో చల్లారేది కాదు.

ఫైనలు రోజు ముఖ్య అతిథి మా ఎమ్మెల్యే అబ్బులు గారు. మా వైపు ఏ ఆటకైనా ముఖ్య అతిథి వచ్చి ఆటగాళ్ళతో కరచాలనం చేసి, బంతిని తాకో తన్నో ఆట ప్రారంభించడం ఆనవాయితీ. ఆయన తంతారు, ఫొటో తీస్తారు, చప్పట్లు కొడతారు, తర్వాత అసలు ఆట. అబ్బులు గారు తెల్లపంచెలో నడిగీత దగ్గరికొచ్చారు. ఆయన వెనక రావలసిన మాజీ సర్పంచులూ, అనుచరులూ ఫొటోలో పడాలని అలవాటు చొప్పున ఆయన ముందుకొచ్చి నిలబడ్డారు. ఆయన కాలితో ఒక్క తోపు తోశారు. బంతి వాళ్ళ కాళ్ళ మధ్య దొర్లి ఆగింది. చప్పట్లు.

ఈల.

చప్పట్లు ఆగిపోయాయి. "ఏటయ్యా, ఆ ఈల ఎవడికి?" అన్నారు అబ్బులు గారు.

విశ్వపతి గారు ముందుకొచ్చి నమస్కారం పెట్టాడు. "తమకేనండి. బంతి నేలకి వదలకుండా తన్నారు. పది మీటర్లు పోలేదు. తమ వాళ్ళంతా బంతికి ముందున్నారు. మళ్ళీ తన్నాలండి."

చక్రధరరావు గారి మొహం పాలిపోయింది. పరుగున వచ్చి, "విశ్వపతి గారూ, అది లాంఛనం! ముఖ్య అతిథికి నిబంధన వర్తించదు," అని చెవిలో గొణిగారు. ఆయన చెవిలో గొణిగినా నా మైకు పక్కనే ఉంది, ఊరంతా వింది.

"బంతిని తన్ను వ్యక్తి ఎవరైనను అని సభలో తమరే చదివారండి," అన్నాడు విశ్వపతి గారు, అదీ మైకులోనే. జనం గొల్లుమన్నారు.

ఆ నవ్వుతో అబ్బులు గారికి పట్టుదల వచ్చింది. వరసగా ఎలక్షన్లు గెలిచినవాడు బంతి దగ్గర ఓడిపోతే ఏం బావుంటుంది? "ఎవడూ కలగజేసుకోకండి. ఎలా తన్నాలో సెప్పవయ్యా," అన్నారు. చెప్పులు విప్పారు, పంచె ఎగగట్టారు. తన్నారు. ఈల, మాజీ సర్పంచి పొట్ట గీత దాటింది. పొట్ట శరీరంలో భాగమే కాబట్టి ఉపసంఘం అవసరం రాలేదు. తన్నారు. ఈల, ఈసారి గన్‌మన్. ఆయన్ని వెనక్కి వెళ్ళమంటే, అయ్యగారికి ఒకడుగు ముందుండాలని తనకీ ఒక నిబంధన ఉందన్నాడు. రెండు నిబంధనలూ ఎదురెదురుగా నిలబడ్డాయి. పరిశీలకులు తలలెత్తి, మొట్టమొదటిసారి మనుషుల మొహాలు చూశారు.

"నన్నిక్కడ ఎవడు కాలుత్తాడయ్యా, ఆ ఈలాయన తప్ప! ఎనక్కి రా," అన్నారు అబ్బులు గారు. గన్‌మన్ వెనక్కి వచ్చాడు.

షామియానా కింద కూర్చున్న సెలక్టర్లు ఇది ఇప్పట్లో తేలేది కాదని గ్రహించారు. ఆ ఏడంతా మా మ్యాచిల సంగతి విన్నవాళ్ళే కనక వాళ్ళకి తెలుసు, ప్రారంభానికి ముందు భోజనం ముగించుకోవచ్చు. ఎదురుగా ఫంక్షను హాల్లో కోడిపలావూ, పనసపొట్టు కూరా సిద్ధంగా ఉన్నాయని కబురొచ్చింది. మా ఊరి మర్యాదలో లోటుండదు, పూతరేకులు పొట్లాలు కట్టి మరీ ఇస్తారు. సెలక్టర్లు మెల్లగా లేచారు. ఎస్తేరు వాళ్ళు వెళ్ళడం చూసింది. దాని కాళ్ళు మాత్రం గీత వెనకే ఉన్నాయి.

అబ్బులు గారు తంతూనే ఉన్నారు. చెమటలు కారుతున్నాయి. జనం ఒక్కో తన్నుకీ ఊగిపోతున్నారు. ఆయనకి కాలం కలిసొచ్చిందో, చిన్నప్పటి ఆటలు గుర్తొచ్చాయో, ఒక తన్ను కుదిరింది. బంతి నేలని తాకింది, లేచింది, పాదం పడింది. సర్పంచి వెనక, గన్‌మన్ వెనక, రిబ్బన్లు నెత్తి మీద, నీడ కాళ్ళ కింద. బంతి ఆకాశంలోకి లేచి, పది మీటర్ల గీత దాటి, తిన్నగా వచ్చి ఎస్తేరు చేతుల్లో పడింది.

ఈల పడలేదు.

ఎవరూ కదల్లేదు. రెండు జట్లూ నిలబడే ఉన్నాయి. ఏడంతా ఈల విని ఆగడమే నేర్చుకున్నవాళ్ళు, ఈల లేకపోతే ఏం చెయ్యాలో వాళ్ళకి తోచలేదు. పరిశీలకులు వేళ్ళ కేసి చూశారు. విశ్వపతి గారు గీత చూశాడు, గాలి చూశాడు, ఈల నోటి దాకా తీసుకెళ్ళి దించేశాడు. ఎస్తేరు బంతి పట్టుకుని బిక్కమొహం వేసి ఆయన్నే చూస్తోంది.

"ఆడాలాండి?" అంది.

ఆయన నోరు తెరిచాడు గానీ, దాని తర్వాత ఏం జరగాలో ఆయనకీ తెలియదు. మైకు రెండు చేతులా పట్టుకుని, "పరిగెట్టవే తల్లీ!" అని అరిచాను.

పరిగెట్టింది. వట్టి పరుగు కాదు, ఏడాది పొడుగునా కాళ్ళలో దాచుకున్న పరుగు. రేవుపాలెం పిల్లలు తేరుకుని మీద పడబోయేసరికి ఇద్దర్ని దాటేసింది. మూడో పిల్ల చొక్కా పట్టుకుంటే విదిలించుకుపోయింది. ధనకోటికి మెలకువ వచ్చి, ఎవరో బంతి ఎత్తుకుపోతున్నారని కేకలు పెట్టింది. పొట్లాల పల్లీలవాడు బుట్ట వదిలేసి గీత వెంట పరిగెట్టాడు. నడినెత్తి రిబ్బను ఊడిపోయి, జడ విప్పుకుపోయి, అవతలి గీత మీద బంతితో సహా ఎస్తేరు బోర్లా పడింది. నేను ఏడుస్తున్నానని నా గొంతు మైకులో విన్నాక తెలిసింది. దైవసహాయం మాస్టారు లేని ఈల కోసం మెడ తడుముకున్నాడు. విశ్వపతి గారు చెయ్యెత్తి, "దోషం లేదు," అన్నాడు.

పాయింట్లు ఇచ్చుకున్న జట్టు మళ్ళీ తన్నాలి కదా. రేవుపాలెం నడిగీత దగ్గరికొచ్చింది. మా వాళ్ళు పది మీటర్ల అవతల వరస కట్టారు. సరిగ్గా అప్పుడే సెలక్టర్లు పళ్ళు కుట్టుకుంటూ వచ్చి కుర్చీల్లో కూర్చున్నారు. ధనకోటి స్తంభంలా నిలబడి ఉంది. ఎస్తేరు ఇంకా రొప్పుతోంది, మోకాళ్ళ మీద చేతులేసుకుని ఊపిరి తీసుకుంటోంది.

"ఆ చివరమ్మాయి గీత మీదికి వంగుతోందేం?" అన్నాడు పెద్ద సెలక్టరు.

నేను మైకు వదిలేసి వెళ్ళి చెప్పాను. మాస్టారు చెప్పాడు. విశ్వపతి గారు కూడా వచ్చి, ఆ అమ్మాయి ఏం చేసిందో తన కళ్ళతో చూశానన్నాడు. పెద్ద సెలక్టరు అందరి మాటా ఓపిగ్గా విన్నాడు. "మా సమక్షంలో జరగనిదాన్ని పరిగణనలోకి తీసుకునే అధికారం మాకు లేదండి. మా సమక్షంలో ఆమె వంగింది," అన్నాడు. ధనకోటి రాష్ట్ర జట్టుకి ఎంపికైంది. ఎస్తేరు కాలేదు.

ధనకోటిలాంటి నిలుపు పిల్లలతో నిండిన రాష్ట్ర జట్టు జాతీయ పోటీలకి వెళ్ళింది. అక్కడి రిఫరీకి మా ఉద్యమం సంగతి తెలియదు, "ఆడండి" అన్నాడు. మా వాళ్ళు గీత వెనక ముచ్చటగా నిలబడ్డారు. ఎదుటివాళ్ళు వాళ్ళ మధ్యలోంచి పరిగెత్తి పాయింట్లు తెచ్చుకున్నారు. తెచ్చుకున్నప్పుడల్లా మా వాళ్ళు నడిగీత దగ్గరికొచ్చి తన్నారు. మళ్ళీ మళ్ళీ తన్నారు. తిరిగొచ్చాక సంఘం ప్రకటించింది: పోటీల్లోకెల్లా అత్యధిక పునఃప్రారంభాలు మనవే, ఒక్కదానిలోనూ దోషం లేదు.

ఇక సన్మానం తప్పుతుందా? అదే మైదానంలో వేదిక కట్టారు. సాయంత్రం, శాలువాలు, దండలు, రాష్ట్ర జట్టు వరసలో నిశ్చలంగా. ముఖ్య అతిథి మళ్ళీ అబ్బులు గారే. ఆ రోజు నుంచి ఆయనకి తన్నుడు పిచ్చి పట్టుకుందనీ, పొద్దున్నే డాబా మీద సాధన చేస్తున్నారనీ ఊళ్ళో అనుకుంటున్నారు. ఆయన వరస మొత్తం చూసి, "ఆరోజు పరిగెట్టిన పిల్లేదీ?" అన్నారు.

"ఆమె ఎంపిక కాలేదండి. ఊపిరి తీసుకున్నప్పుడు ముందుకి వంగే లక్షణం ఉంది," అన్నారు చక్రధరరావు గారు.

"పరిగెట్టినోళ్ళు వంగరేటయ్యా?" అన్నారు అబ్బులు గారు. చక్రధరరావు గారు చప్పున బంతి తెప్పించి, సభని ప్రారంభించమని చేతికిచ్చారు.

అబ్బులు గారు పంచె ఎగగట్టారు. అనుచరులు చెప్పకుండానే వెనక్కి జరిగారు. బంతి వదిలారు, తన్నారు. సాధన ఊరికే పోలేదు. బంతి వేదిక మీదుగా, షామియానా మీదుగా, ప్రహరీ మీదుగా లేచి, కాలవగట్టు వైపు పడింది. చప్పట్లు మోగాయి. అందరూ బంతి కోసం ఎదురుచూస్తూ నిలబడ్డారు.

బంతి రాలేదు.

గోడ అవతల్నుంచి కేకలు వినబడ్డాయి. ఆడపిల్లల కేకలు, మధ్యలో దైవసహాయం మాస్టారి గొంతు "ఆడండమ్మా, ఆడండి" అని. ఆ కేకలు ఒక పక్కనుంచి ఇంకో పక్కకి అతి వేగంగా పోతున్నాయి. అంత వేగంగా పోయే మనిషి మా ఊళ్ళో ఒక్కతే ఉంది. మైకు నా చేతిలోనే ఉంది, నాకు నవ్వొస్తోంది, కళ్ళలో నీళ్ళూ వస్తున్నాయి.

విశ్వపతి గారు వేదిక దిగి గబగబా గోడ దగ్గరికి వెళ్ళాడు. ఒక ఇటుక ఎక్కి మునివేళ్ళ మీద నిలబడి అవతలికి తొంగి చూశాడు. చాలాసేపటి వరకూ తిరగలేదు.

"ఏం జరుగుతోందండీ అక్కడ? దోషాలేమైనా ఉన్నాయా?" అని చక్రధరరావు గారు వేదిక మీంచి కేకేశారు.

"చాలా ఉన్నాయండీ," అన్నాడు విశ్వపతి గారు, తల తిప్పకుండా. మెడలోంచి ఈల తీసి జేబులో పెట్టుకుని, చూస్తూ ఉండిపోయాడు.